అన్న బిగించిన సగం

కారు అసలు స్టార్టే కాకపోయి ఉంటే చిన్నోడికి ఇంత బాధ ఉండేది కాదు. కదలని బండికి సవాలక్ష సాకులు చెప్పొచ్చు. ఈ బండికి ఆ రోగం లేదు. తాళం తిప్పగానే బుద్ధిగా లేస్తుంది, కాసేపు కమ్మగా తిరుగుతుంది, చూసేవాళ్లు భేష్ అనేలా ఉంటుంది. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కి, ఆయిలు పలచబడుతుంది. అప్పుడు దాని పొట్టలోంచి మొదలవుతుంది ఆ చప్పుడు. మూసిన తలుపును లోపలినుంచి ఎవరో పిడికిలితో కొడుతున్నట్టు దబ్ దబ్ మని, తొందర లేకుండా, విసుగు లేకుండా.

అది మొదలవగానే ఇంట్లో ఉన్న ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. వంటింట్లో వదిన కుళాయి కట్టేస్తుంది. వసారాలో నాన్న చదువుతున్న పేపరు ఒళ్లోకి దించుతాడు. షెడ్డులో చిన్నోడు బానెట్ కింద తల పెట్టి ఊపిరి బిగబడతాడు. ముగ్గురి మనసులోనూ ఒక్క మనిషే మెదులుతాడు. పైకి అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

ఎందుకంటే ఆ ఇంజన్‌లో సగం చనిపోయినవాడు కట్టింది. కింది సగం, అంటే క్రాంకు, బేరింగులు, రాడ్లు, పిస్టన్లు, ఇవన్నీ అన్న పెద్దోడు బిగించినవి. పై సగం, అంటే హెడ్డు, వాల్వులు, ట్యాపెట్లు, కార్బురేటర్, ఇవన్నీ తమ్ముడు చిన్నోడు బిగించినవి. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు ఉంది కదా లెక్క. నిజానికి పంచుకోవాలని ఎవరూ అనుకోలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొత్తం కలిసే కట్టాలనుకున్నారు. నాన్న బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో కొన్న కారు అది. అన్నదమ్ములిద్దరూ దాని స్టీరింగు పట్టుకునే డ్రైవింగ్ నేర్చుకున్నారు, దాన్నే గోడకు గుద్ది నాన్న చేత చీవాట్లు తిన్నారు. పొగ ఎక్కువై మూలపడితే, ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఇంజన్ విప్పి కొత్తగా కడదామని పెద్దోడే అన్నాడు.

సగంలో ఉండగా గొడవైంది. గొడవంటే పెద్ద గొడవేం కాదు, అదే చిన్నోడికి అర్థం కాని సంగతి. తను పంపుల రిపేరు షాపులో పని ముగించుకుని సాయంత్రం వచ్చేసరికి అన్న ఇంజన్ ముందు చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. రాడ్ల నట్లు బిగిస్తున్నాడు. "ఇలా ఇవ్వు అన్నయ్యా, అలిసిపోయినట్టున్నావు, మిగతావి నేను బిగిస్తా" అని పానా కోసం చెయ్యి చాపాడు చిన్నోడు. అంతే. పెద్దోడు పాము మీద కాలేసినట్టు గభాలున వెనక్కి జరిగాడు.

"నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదురా. ఇంకోసారి ఈ షెడ్డులోకి అడుగు పెట్టకు" అన్నాడు.

చిన్నోడికీ నోరుంది. "కట్టుకో, నువ్వే కట్టుకుని నెత్తిన పెట్టుకుని ఊరేగు" అని వెళ్లిపోయాడు. మర్నాడు మామూలైపోతుందనుకున్నాడు. మామూలు కాలేదు. ఆ వారమంతా అన్న తలుపు వేసుకుని ఒక్కడే పని చేశాడు. అడుగున ఆయిల్ ఛాంబర్ మూత బిగించిన మధ్యాహ్నమే, ఆ షెడ్డులోనే కూలిపోయాడు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు ఆస్పత్రిలో. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, మాట తడబడటం లాంటివి ముందు ఏమైనా కనిపించాయా అని డాక్టరు అడిగాడు. లేదన్నాడు నాన్న. లేదన్నాడు చిన్నోడు. వదిన తల అడ్డంగా ఊపింది.

అలా ఆ సాయంత్రపు మాటే అన్న నోట తను విన్న ఆఖరి మాట అయి కూర్చుంది. నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదు. దాన్ని అబద్ధం చెయ్యడానికి చిన్నోడికి లోకంలో ఒక్కటే దారి మిగిలింది. తన చేత్తో ఆ ఇంజన్ పూర్తి కావాలి, బండి చప్పుడు లేకుండా తిరగాలి. కర్మకాండలు ముగిశాక ఆ పనే పట్టుకున్నాడు, పై సగం ప్రాణం పెట్టి కట్టాడు. తీరా తిప్పితే ఇదీ వరస. దబ్ దబ్ మన్న ప్రతిసారీ అన్న ఆ మాటే మళ్లీ అంటున్నట్టుంది.

మొదటి రోజు చప్పుడు వినగానే నాన్న వసారాలోంచి లేచొచ్చాడు. ఆయన చెవి సంగతి డిపోలో అందరికీ తెలుసు. బస్సు గేటు దాటకముందే దాని జబ్బేంటో చెప్పేవాడట. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. పైన పెట్టి విన్నాడు. పక్కన పెట్టి విన్నాడు. కింద పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ మడ్‌గార్డు మీద పెట్టేసి, "ట్యాపెట్లు" అన్నాడు.

"ట్యాపెట్ల చప్పుడు ఇంత లోతుగా ఉంటుందా నాన్నా?"

"పైదేనని చెప్తున్నానుగా. నీ పని నువ్వు చూసుకో. వాడు కట్టిందాంట్లో వేలు పెట్టకు."

నాన్న మాటంటే ఆ ఇంట్లో శిలాశాసనం. చిన్నోడు ట్యాపెట్లు సరిచేశాడు, చప్పుడు పోలేదు. మళ్లీ విప్పి మళ్లీ సరిచేశాడు. టైమింగ్ ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు. కార్బురేటర్ విప్పి కిరసనాయిల్‌లో కడిగాడు. పెట్రోలు మార్చాడు. ఫ్యాను బెల్టు ఊడదీసి చూశాడు. ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. ఆఖరికి సైలెన్సర్ క్లాంపులు కూడా వదల్లేదు, పాపం వాటికేం తెలుసు. తలనొప్పికి మోకాలికి మందు రాయడం అంటే ఇదే. తనమీద ఎన్ని నేరాలు మోపుకోవచ్చో అన్నీ మోపుకున్నాడు. ఒక్కటీ రుజువు కాలేదు.

వీధి చివర టైర్ల కొట్టాయన ఉన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "అన్న కట్టాడు, తమ్ముడు చెడగొట్టాడు" అని వచ్చేపోయే వాళ్లందరికీ టైరులో గాలితో పాటు ఇదీ కొట్టి పంపించాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. పెద్దోడు బతికుండగా వాడి చేత బళ్లు బాగుచేయించుకుని, బిల్లు దగ్గర బేరమాడి, పనికి వంకలు పెట్టినవాళ్లే ఇప్పుడు వాడంత పనివాడు పుట్టబోడని తేల్చేశారు. చిన్నోడు కాదనలేదు. వాడూ చిన్నప్పటి నుంచీ అదే నమ్మాడు.

షెడ్డులో ఇంకో ఇబ్బంది కూడా వచ్చిపడింది. అది ఎవరితోనూ చెప్పుకునేది కాదు. పానాలు తగిలించే మేకులు ఎప్పుడూ కుడివైపు గోడకు ఉండేవి. అన్న పోయాక చిన్నోడు లోపలికి అడుగుపెట్టేసరికి ఆ మేకులు, వాటికి వేలాడే పానాలు, కటింగ్ ప్లయర్, సుత్తి, అన్నీ ఎడమవైపు గోడకు మారిపోయి ఉన్నాయి. ఎందుకు మార్చాడో తెలీదు. అలవాటు కొద్దీ చెయ్యి కుడివైపు పోతుంది, ఉత్త గోడ తగులుతుంది. తగిలిన ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు వెన్ను జలదరిస్తుంది. పట్టపగలు, ఎదురింటి వాళ్ల రేడియో మోగుతుండగా, పాతికేళ్లుగా తెలిసిన షెడ్డులో భయమేంటని తనను తనే తిట్టుకున్నాడు. అయినా వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేకపోయాడు. "ఏం కావాలి అన్నయ్యా?" అని ఒకసారి పైకే అడిగాడు కూడా. ఇంజన్ తిరుగుతోంది. దబ్ దబ్ మంది.

ఒక సెలవురోజు పొద్దున నాన్న చుట్టాలింటికి బయల్దేరి వెళ్లాడు. ఆయన గేటు దాటగానే వదిన షెడ్డు గడప దగ్గరికొచ్చి నిలబడింది. అన్న పోయాక ఆమె అక్కడికి రావడం అదే మొదలు.

"బండి ఆపేశాక కూడా నాకు ఆ చప్పుడు వినపడుతోంది" అంది. "గిన్నెలు తోముతుంటే వినపడుతోంది. మంచం మీద వాలితే దిండులోంచి వినపడుతోంది. నిన్నొకటి అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పు. అది పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో తెలుసుకునే దారి లేదా?"

"ఉంది వదినా."

"కష్టమా?"

"కష్టం కాదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడాలి. వైరు పీకితే ఆ సిలిండర్‌లో మంట ఉండదు, రాడ్డు మీద బరువు పడదు. చప్పుడు తగ్గిందంటే జబ్బు ఆ రాడ్డు దగ్గరున్నట్టే."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదు?"

చిన్నోడు చేతిలో గుడ్డను మెలిపెట్టాడు. పనిలో కొత్తగా చేరినవాడు కూడా మొదట చేసే పరీక్ష అది. నాన్నకూ తెలుసు, తనకూ తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. జబ్బు కింద ఉందని తేలితే అన్న బిగించిన నట్లు విప్పాలి. ఆ మనిషి చేతులు ఈ లోకంలో ఆఖరిసారి చేసిన పని అక్కడ, ఆ నల్లటి ఆయిల్లో, చేసింది చేసినట్టే ఉంది. దాన్ని తన చేత్తో విప్పడం చిన్నోడికి చేతకాలేదు. అంతకంటే ఉరిశిక్ష నయమనిపించింది. అందుకే నేరం నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు.

"చూడు" అంది వదిన. "నేనిక్కడే ఉంటాను."

బండి తిప్పి, వేడెక్కేదాకా ఇద్దరూ నిలబడ్డారు. చప్పుడు మొదలైంది. చేతికి పొడిగుడ్డ చుట్టుకుని మొదటి ప్లగ్గు వైరు పీకాడు. ఇంజన్ కుంటింది, చప్పుడు ఆగలేదు. అది పెట్టేసి రెండోది పీకాడు. ఆగలేదు. మూడోది పీకాడు.

చప్పుడు ఆగిపోయింది.

మళ్లీ పెట్టాడు, వచ్చింది. మళ్లీ పీకాడు, పోయింది. వదినకు ఇంజన్ల గురించి ఓనమాలు తెలీవు. అయినా ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది. చిన్నోడు తాళం తిప్పి బండి ఆపేసి, ఆమె వైపు చూడకుండా జాకీ అందుకున్నాడు.

కారు ముందు భాగం ఎత్తి, దిమ్మలు పెట్టి, ఆయిలు దించి, ఛాంబర్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో బోల్టు వదులవుతుంటే గుండెలో ఏదో వదులవుతున్నట్టుంది. మూత కిందికి దిగాక, వెల్లకిలా పడుకుని లైటు పైకి పట్టి చూశాడు.

పెద్దోడికి ఒక పద్ధతి ఉండేది. ఏ నట్టయినా పూర్తిగా బిగించాక, దానిమీద వదిన గోళ్లరంగు ఒక చుక్క పెట్టేవాడు. ఎర్రచుక్క పడిందంటే ఇక ఆ నట్టు జోలికి బ్రహ్మదేవుడు కూడా పోనక్కర్లేదు. కొత్త సీసా కొన్న వారానికే సగం అయిపోయేదని వదిన దెప్పేది కూడా. ఇప్పుడు లైటు వెలుగులో ఆ చుక్కలు వరసగా కనబడ్డాయి. మొదటి రాడ్డు మీద రెండు చుక్కలు, ముద్ర వేసినట్టు గుండ్రంగా. రెండో దాని మీద రెండు, అవీ అలాగే. మూడో రాడ్డు మీద చుక్క లేదు, గీత ఉంది. కుంచె నట్టు మీదినుంచి జారి, రాడ్డు మూత మీదుగా వంకరటింకరగా పాకి, క్రాంకు దాకా పోయింది. మొదటిసారి పలక మీద గీసిన పసివాడి గీత కూడా అంతకంటే తిన్నగా ఉంటుంది.

చిన్నోడు వేళ్లతో ఆ నట్టు పట్టుకుని తిప్పాడు. పానా లేకుండానే తిరిగింది.

నాలుగో రాడ్డు చూశాడు. నట్లు ఉడుంపట్టులా ఉన్నాయి. కానీ చుక్కలు రెండూ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి, ఎడమచేత్తో పెట్టినట్టు.

అప్పుడు అర్థమైంది వాడికి. పానాలు ఎడమ గోడకు ఎందుకు మారాయో, ఆ సాయంత్రం అన్న ఎందుకు వెనక్కి జరిగాడో, ఆ రోజు బిగిస్తున్నది ఎన్నో రాడ్డో. పానా కోసం తను చెయ్యి చాపితే అన్న దాచుకున్నది పానాను కాదు, పట్టు తప్పిన కుడిచేతిని. తమ్ముడు చూస్తాడని తమ్ముణ్ని తరిమేశాడు.

కారు కింద నుంచి బయటికొచ్చేసరికి వదిన అక్కడే, తలుపుకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. చిన్నోడు మళ్లీ కిందికి దూరాడు. మూడో రాడ్డు మూత ఊడదీసి తెచ్చాడు. ఆ ఎర్రగీత ఉన్న మూతను గుడ్డలో పెట్టి ఆమె ముందు ఉంచాడు.

ఆమె ఆ గీతను వేలితో తడిమింది. "వేసవి మొదలైనప్పటి నుంచీ, చెయ్యి తిమ్మిరెక్కిన రోజుల్లో చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని" అంది. "అన్నం కలిపి పెడతానంటే కోప్పడేవారు. మీతో కలిసి కూర్చుంటే తెలిసిపోతుందని, ఆకలి లేదని లేచిపోయేవారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నాన్నకు చెప్పినా ఫర్వాలేదు గానీ చిన్నోడికి మాత్రం చెప్పొద్దన్నారు. వాడు నన్ను చూసే పని నేర్చుకున్నాడే, వాడి ముందు నా చెయ్యి వణకకూడదు అన్నారు."

"డాక్టరు అడిగినప్పుడైనా చెప్పలేదేం వదినా?"

"అప్పటికి చెప్పి ఏం లాభం. చెప్పాల్సింది అంతకు ముందు. ఆ లెక్క నాకు తెలుసులే, నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు" అని ఆమె మొహం మోకాళ్లలో దాచుకుంది.

చిన్నోడికి ఆమెమీద కోపం వచ్చింది. అన్నమీద వచ్చింది. ఎదురుగా అంత చెయ్యి వణుకుతుంటే చూడలేని తన కళ్లమీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఇద్దరూ ఆ ఇనపముక్కకు చెరోవైపు కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చారు.

తర్వాత చెయ్యాల్సిన పని మిగిలే ఉంది. అరిగిన బేరింగు తీసేసి, బజారుకెళ్లి కొత్తది తెచ్చి వేశాడు. క్రాంకుకు గీతలు పడలేదు, అదొక్కటే అదృష్టం. రాడ్డు మూత తుడిచాడు గానీ ఎర్రగీత మాత్రం చెరపలేదు. నట్లు తనే బిగించాడు, రెండుసార్లు చూసుకున్నాడు. ఛాంబర్ మూసి, ఆయిలు పోసి, కారు దింపేసరికి ఎండ వాలింది. గేటు చప్పుడైంది, నాన్న వచ్చాడు.

షెడ్డు గడప దగ్గర నిలబడి, నేలమీద పడ్డ ఆయిలు మరకలూ, పాత బేరింగూ చూశాడాయన. వదిన వాచిన కళ్లూ చూశాడు.

"నాదే తప్పు నాన్నా" అన్నాడు చిన్నోడు. "ట్యాపెట్లే. సరిచేశాను."

"మూడో రాడ్డు కదా" అన్నాడు నాన్న.

చిన్నోడు తలెత్తి చూశాడు.

"మొదటి రోజే వినపడింది." ఆయన చూపు పాత బేరింగు మీదే ఉంది. "స్క్రూడ్రైవర్ పెట్టకముందే తెలుసు. వాడు అలాంటి తప్పు చెయ్యడు, చేశాడంటే వాడికేదో అయ్యింది, అది నా కంటపడలేదు. ఇంటిల్లిపాదికీ నేను పెద్దదిక్కునట. ఆ తప్పు వాడిమీద వెయ్యడానికి మనసొప్పలేదురా. నువ్వు బతికున్నావు కదా, మోస్తావులే అనుకున్నాను."

ఇన్నాళ్లూ ట్యాపెట్లు విప్పి బిగించి, విప్పి బిగించి కాయలు కాచిన చేతులు చూసుకున్నాడు చిన్నోడు. వెళ్లి కారులో కూర్చుని తాళం తిప్పాడు. బండి లేచింది. వేడెక్కింది. ముగ్గురూ ఆ చప్పుడు కోసం ఎదురుచూశారు. అది రాలేదు. ఇంజన్ హాయిగా, ఒక్క పొల్లు మాట లేకుండా తిరుగుతూనే ఉంది. ఇల్లు ఖాళీ అయిపోయినట్టు అనిపించింది వాడికి.

ఆ శబ్దానికి టైర్ల కొట్టాయన కొట్టు వదిలేసి మరీ వచ్చాడు. "అబ్బో, దారికొచ్చిందే. ఇంతకీ తప్పెక్కడయ్యా?" అన్నాడు, సమాధానం తనకు ముందే తెలిసినట్టు.

నాన్న ముందుకు జరిగాడు. "తప్పు మా పెద్దో..."

"నాదేనండి" అన్నాడు చిన్నోడు అడ్డొచ్చి. "ట్యాపెట్లు సరిగ్గా పెట్టలేదు."

"నే చెప్పలా" అని ఆయన తృప్తిగా తలాడిస్తూ వెళ్లిపోయాడు. రేపటికి వీధంతా తెలుస్తుంది.

"ఎందుకురా?" అన్నాడు నాన్న.

"మోస్తాననే కదా వేశావు" అన్నాడు చిన్నోడు, ఆయన వైపు చూడకుండా.

నాన్న కారు తలుపు దగ్గరికొచ్చాడు. దించిన అద్దం మీదుగా చెయ్యి లోపలికి పెట్టి కొడుకు కుడిచెయ్యి అందుకున్నాడు. గ్రీజు అంటుకున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే తన వేళ్లతో నొక్కి చూశాడు. ఆయన చెయ్యే వణుకుతోంది.

"పట్టుకో" అన్నాడు. చిన్నోడు పట్టుకున్నాడు.

"ఇంకా గట్టిగా పట్టుకో" అన్నాడు నాన్న.